గడ్డి పోలీసు

మా ఊళ్ళో పోలీసువాడు గోధుమ గడ్డితో చేసినవాడు. నిజం పోలీసు ఏడు మైళ్ళ అవతల టౌన్లో ఉండేవాడు. వాడికి మేమెవరం పెద్దగా భయపడేవాళ్ళం కాదు. భయమంతా ఈ గడ్డివాడికే.

కోతలయ్యాక రైతు కట్టలు కట్టిన గోధుమ పనలన్నీ బండ్లకెత్తించి, ఒక్క పనని మాత్రం చేని మధ్య నిలబెట్టి వదిలేసేవాడు. అదే మా పోలీసు. అది నిలబడి ఉన్నంతసేపూ పరిగె ఏరడానికి, అంటే కోతలో మిగిలింది ఏరుకోవడానికి, చేలో ఎవరూ కాలు పెట్టకూడదు. రాలిన కంకులు కళ్ళెదుట కనిపిస్తున్నా సరే, ఆడవాళ్ళూ పిల్లలూ కంచె ఇవతల కూర్చుని చూస్తూ ఉండాల్సిందే. రైతు రాలింది ఊడ్చుకోవడానికి ఇంకోసారి దంతె తోలించుకుంటాడో, మా ఓపిక చూసి సరదా పడుతున్నాడో మాకనవసరం. పన ఉంటే పోకూడదు, తీసేస్తే పోవచ్చు. "పోలీసోడున్నాడా, పోయాడా?" అన్నదే ఆగస్టు నెలంతా మా ఆడవాళ్ళ పలకరింపు. ఈ సంగతి పాలు మరవని పిల్లకి కూడా తెలుసు. తెలియకపోవాలంటే వేరే ఊళ్ళో పుట్టి ఉండాలి.

తిర్జా వేరే ఊళ్ళో పుట్టింది.

ఆ పిల్ల మా అమ్మ చెల్లెలి కూతురు. పదకొండేళ్ళది. తండ్రి పడవ మీద పనిచేస్తూ ఏట్లో పడి పోయాడు. తల్లి ఆ మరుసటేడే దగ్గుతో పోయింది. జూన్ నెలాఖరున సామాన్లబండి వాడు బంగాళాదుంపల బస్తాలతో పాటు తిర్జాని కూడా మా గుమ్మం ముందు దింపి పోయాడు. చేతిలో ఒక మూట, తల మీద తనది కాని టోపీ. అమ్మ గబగబా వెళ్ళి ఆ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అలా చూస్తూ ఉండిపోయింది. నన్నెప్పుడూ అలా చూడలేదే అనుకున్నాను. నా పేరు కెజయా, ఇంట్లో కెజ్జీ అనేవాళ్ళు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ వయసులో మనిషికి ఉండాల్సిన జాలి అంతా ఉంటుందంటారు గాని, నన్ను నమ్మండి, ఉండదు.

మా నాన్న హనోక్ పొలం నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ తిర్జాని కిందికీ పైకీ చూశాడు.

"తాను దూర కంత లేదు, మెడకో డోలు" అన్నాడు.

"నా చెల్లెలి బిడ్డ" అంది అమ్మ.

"కాదన్నానా? నా చెల్లెలి బిడ్డయినా ఇదే మాట అనేవాణ్ణి. మనం అయిదుగురం. నిరుడు చలికాలంలో ఈ అయిదుగురికే చాలక చంటిదాన్ని మట్టిలో పెట్టాం. మర్చిపోయావా?"

నాన్న చెడ్డవాడు కాదు. చెడ్డవాడై ఉంటే ఇదంతా చెప్పడం నాకు తేలికయ్యేది. ఆయన తిర్జాని దగ్గరికి పిలిచి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"చూడమ్మా. మా ఇంట్లో చలికాలం రొట్టె అంటే మీ పెద్దమ్మా, కెజయా ఏరిన పరిగే. నా కూలి చెప్పులకీ బొగ్గుకీ సరి. నీ రొట్టెకి సరిపడా గోధుమ నువ్వేరుకో. ఏరుకున్నావా, వసంతం దాకా ఉంటావు. అప్పటికి పన్నెండు నిండుతాయి, ఎవరో దొరల ఇంట్లో వంటపనికి కుదురుతావు. ఏరుకోలేదా, పెద్దింటికి పోవాలి. ఇందులో కోపం లేదు, నీకు చెబుతున్నానంతే."

"ఏరతాను పెదనాన్నా" అంది తిర్జా. "మా అమ్మతో ఏటా ఏరేదాన్ని."

పెద్దిల్లంటే దిక్కులేనివాళ్ళని పెట్టే సర్కారు ఇల్లు. మా వైపు దాన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు కాదు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఎత్తనట్టే దాని పేరూ ఎత్తేవాళ్ళు కాదు.

జూలైలో తిర్జా మా ఇంట్లో కలిసిపోయింది. నా మంచంలోనే పడుకునేది, నా దుప్పట్లోనే. నా తమ్ముళ్ళు ఏమోసూ రూబెనూ రెండు రోజుల్లో దాని కొంగు పట్టుకు తిరగడం మొదలెట్టారు. "మా ఊళ్ళో అయితే" అని మొదలుపెట్టకుండా మాట్లాడేది కాదు. మా ఊళ్ళో అయితే చర్చి గంట ఇంతకంటే పెద్దది. మా ఊళ్ళో అయితే డంప్లింగు పిండిముద్దల్లో ఉల్లిపాయ వేస్తారు. మా ఊళ్ళో అయితే తాబేలంత కప్పలుంటాయి.

"మీ ఊళ్ళో అయితే ఆవులు గుడ్లు కూడా పెడతాయా?" అని అడిగాను ఒకరోజు.

"పెడతాయి గాని, పెట్టాక అరవవు. మీ ఊరి కోళ్ళలాగా గొప్పలు పోవు" అంది.

అమ్మ నవ్వింది. పిండి చేతుల్తో నోరు మూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. చంటిది పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నేను ఎనిమిది నెలలుగా ప్రయత్నిస్తున్నాను. గెంతి చూపించాను, పాదిరిగారి తుమ్ము అనుకరించాను, పాటలు పాడాను. నవ్వలేదు. ఈ పిల్ల వచ్చి కోడిగుడ్డు మాట ఒకటి అనేసరికి నవ్వేసింది. తర్వాత తిర్జాని కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, "నవ్వు కూడా దాని నవ్వే" అంది. చెల్లెల్ని తలుచుకుని అంది. నాకు కడుపులో మంట అప్పుడు అంటుకుంది.

ఆగస్టు రెండో వారంలో పరిగె మొదలైంది. పొద్దున్న ఎనిమిదింటికి చర్చి గంట కొడితేనే ఎవరైనా చేలో దిగాలి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ గంట కొడితే బయటికి రావాలి. ఈ రెండు గంటల మధ్య మా మీద పెత్తనం పరిగె రాణిది. ఆ ఏడు, అంతకుముందు పదకొండేళ్ళూ కూడా, గాథర్‌కోల్‌గారే రాణి. మొగుడు పోయాక ఆయన టోపీ తను పెట్టుకునేది. ఆ టోపీ కింద ఆవిడ చెప్పిందే శాసనం. కట్ట ఎవరిదో తగాదా వచ్చినా, ఎవరు ఎవరికంటే ముందు అడుగేశారని గొడవొచ్చినా ఆవిడే తీర్చేది.

మొదటి రోజు చర్చి గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి చూసుకుంటూ వచ్చి తిర్జా ముందు ఆగి అమ్మని అడిగింది.

"ఈ పిల్లెవరు హన్నా? మన ఊరి మొహంలా లేదే."

"నా చెల్లెలి బిడ్డ అక్కా. ఇప్పుడు మా ఇంటి పిల్లే."

"మీ ఇంటి పిల్లంటే మీ ఇంటి పూచీ. పొరుగూరి కాళ్ళు మన చేలల్లో పడితే నేనూరుకోనని నీకు తెలుసు. సరే, చెల్లెలి బిడ్డంటున్నావు కాబట్టి పోనిస్తున్నా. మన పద్ధతులు చెప్పారా దీనికి?"

"కెజ్జీ చెబుతుంది" అంది అమ్మ నా భుజం మీద చెయ్యేసి.

చెప్పాను. గంట సంగతి చెప్పాను. రాణిని దాటి ముందుకి పోకూడదని చెప్పాను. గడ్డితో ఉన్న కంకుల్ని చేతికట్టలు కట్టాలని, విడిగా రాలినవి ఒడిలో వేసుకోవాలని చెప్పాను. పోలీసు సంగతి మాత్రం చెప్పలేదు. అప్పటికి అందులో దుర్బుద్ధి ఏమీ లేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? పైగా మొదటి వారం మేం దిగిన చేలన్నిట్లోనూ మేం వెళ్ళేసరికే పనని తీసేసి ఉంచారు. తిర్జా పోలీసుని చూడనే లేదు.

ఏరడంలో ఆ పిల్లది మాయచెయ్యి. నడుం వంచిందంటే మళ్ళీ గంట కొట్టేదాకా ఎత్తేది కాదు. రెండు చేతులూ రెండు కోళ్ళలా నేలమీద టకటకమని తిరిగేవి. నేను రెండు కట్టలు కట్టేలోపు అది మూడు కట్టేది. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ ఎవరి కట్టలు వాళ్ళవి విడిగా పెట్టించేది, నాన్న చూడాలని. తిర్జా పోగు రోజురోజుకీ ఎత్తవుతోంది. నాన్న ఒకరోజు దాని ముందు నిలబడి, తల గోక్కుని, "ఈ లెక్కన పిల్ల మనకే రొట్టె పెట్టేట్టుంది" అన్నాడు. తిర్జా సిగ్గుపడి నా వెనక్కి వచ్చి నిలబడింది.

నా వెనక్కే ఎందుకంటే, దానికి నేనంటే ఇష్టం. ఇది కూడా చెప్పాలి. నా కట్టలు తక్కువైన రోజున దారిలోనే తన ఒడిలోంచి గుప్పెళ్ళు తీసి నా ఒడిలో పోసేది. "పెద్దమ్మ నిన్ననకుండా" అనేది. నేను వద్దనలేదు, తీసుకున్నాను. తీసుకున్న ప్రతి గుప్పెడికీ దాన్ని ఇంకాస్త ద్వేషించాను.

"కెజ్జీ, దాని చేతులు చూసి నేర్చుకోవే" అంది అమ్మ ఆ శనివారం. "అచ్చం మా చెల్లి చేతులే."

మంగళవారం మిల్లుచేను తెరుస్తారన్నారు. గాలిమిల్లు పక్కనున్న ఆ చేను థర్లో దొరది. ఊరి మొత్తంలో అంత గోధుమ రాలే చేను ఇంకోటి లేదు. మూడు రోజులు ఏరినా తరగదు. దాని మీద ఆశతోనే ఆడవాళ్ళు బాకీలు చేసేవాళ్ళు, పెళ్ళిళ్ళు కూడా కుదుర్చుకునేవాళ్ళు. ఎనిమిది గంటలు కొట్టారు. కాని పోలీసోడు ఇంకా చేని మధ్యే ఉన్నాడు. అందరూ పెద్ద గేటు దగ్గర గడ్డిలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, థర్లో దొరని తిట్టుకుంటూ ఎదురుచూస్తున్నారు. నన్నూ తిర్జానీ మాత్రం గేటు దాకా రాకముందే, నీళ్ళు తెమ్మని దారిలోంచే వాగు దగ్గరికి పంపించారు. తిరిగొచ్చేటప్పుడు దగ్గరదారని వెనకవైపు కంచె సందులోంచి వచ్చాం.

తిర్జా టక్కున ఆగిపోయింది.

"కెజ్జీ! చూడు, పన వదిలేశారు!"

"ఊఁ" అన్నాను.

"మా ఊళ్ళో అయితే పేదోళ్ళ కోసం ఒక పన నిలబెట్టి పోతారు. అది నిలబెట్టారంటే చేను మనకి ఇచ్చేసినట్టే. ముందెవరు తాకితే వాళ్ళది! ఇంకా ఎవరూ చూడలేదా? అందరూ అక్కడే కూర్చున్నారేంటి, పిచ్చి మొహాలు!"

కుండ నా చేతికిచ్చేసింది. మొహం వెలిగిపోతోంది. "ఇది గాని దొరికితే, కెజ్జీ, పెదనాన్న నన్ను పెద్దింటికి పంపడు. ఇంక అసలు పంపడు" అంది.

ఒక్క మాట చాలు. "ఆగు" అంటే చాలు. నా బూటులో రాయి పడింది. నేను కుండ కింద పెట్టి, కంచె పక్కన కూర్చుని, బూటు విప్పి, తలకిందులు చేసి దులిపి, మళ్ళీ తొడుక్కుని, తాడు ముడి వేసుకున్నాను. తల ఎత్తేసరికి తిర్జా చేని మధ్యలో ఉంది.

పోలీసోణ్ణి రెండు చేతులా కౌగిలించుకుని ఎత్తుకుంది. ఆ పన దానికంటే ఎత్తుంది. దాని వెనక పిల్ల కనిపించడం లేదు, గోధుమ పనకే రెండు కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంది. తిన్నగా పెద్ద గేటు వైపు, అందరికీ చూపించడానికి, తూలుకుంటూ నడిచి వస్తోంది. మొదట ఆడవాళ్ళు నవ్వారు. ఎవరో "అమ్మో, పోలీసోడికి పెళ్ళయిందే!" అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. థర్లో దొర మేస్త్రీ గుర్రం మీద వచ్చి అప్పటికే అవతల గట్టున నిలబడి చూస్తున్నాడు.

"మా పోలీసుని మీరెత్తుకుపోతే, చేను మేమెత్తుకుపోతాం" అన్నాడాయన తాపీగా. గంటలో గుర్రపు దంతె తెప్పించాడు. నిలువునా అడ్డంగా రెండుసార్లు తోలించాడు. అది చాలదన్నట్టు మధ్యాహ్నం పందుల్ని తోలించాడు. మూడు రోజుల పరిగె, నలభై ఇళ్ళ చలికాలం, అందరం గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉండగానే పందులు తినేశాయి.

గాథర్‌కోల్‌గారు అరవలేదు. ఆవిడ అరిచినా బాగుండేది. తిర్జాని తన ముందు నిలబెట్టుకుంది. ఆ పిల్లకి ఏం జరిగిందో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. జుట్టు నిండా గడ్డి.

"నీకెవరూ చెప్పలేదా, పోలీసోడుంటే చేలోకి పోకూడదని?"

తిర్జా నోరు తెరిచింది. ఆవిడ ఆగమని చెయ్యెత్తి నా వైపు తిరిగింది.

"కెజయా. దీనికి చెప్పే పని నీకిచ్చాం. చెప్పావా?"

నలభై మంది ఆడవాళ్ళు నన్ను చూస్తున్నారు. అమ్మ కూడా చూస్తోంది.

"చెప్పాను" అన్నాను.

తిర్జా నా మొహంలోకి చూసింది. ఎంతసేపో తెలీదు. పెద్దసేపేమీ కాదు. తర్వాత టోపీ టేపు సరిచేసుకుని గాథర్‌కోల్‌గారి వైపు తిరిగింది.

"చెప్పింది. నేనే మర్చిపోయాను" అంది.

రాణి తీర్పు రెండు ముక్కలు. ఆ పిల్ల ఒడిలో ఉన్నది నేలమీద దులిపేయాలి. ఆ కాలం పొడుగునా మా ఊరి చేలల్లో కాలు పెట్టకూడదు. అమ్మ ముందుకొచ్చి తనే దాని ఒడి విప్పి దులిపింది. ఒక్క గింజ కూడా లేదు, ఒట్టి గడ్డిపరకలు రాలాయి. అయినా పద్ధతి పద్ధతే కదా.

అప్పటినుంచి తిర్జా బతుకు అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టయింది. రొట్టె ఏరుకోకపోతే ఇంట్లో చోటు లేదు. ఏరుకోవడానికి ఊరు ఒప్పుకోదు. పిల్లలు దానికి పోలీసు పెళ్ళాం అని పేరు పెట్టారు. బయటికొస్తే చాలు, వెనకాల వరసకట్టి "మీ ఆయనేడే? మీ ఆయన్ని పందులు తినేశాయటగా?" అని పాడేవాళ్ళు. అమ్మతో బావి దగ్గర ఎవరూ మాట్లాడడం మానేశారు. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన అన్న మాట.

ఆ పిల్ల ఊరుకోలేదు. రోడ్డు వేసేవాళ్ళ కోసం పొలాల్లో రాళ్ళు ఏరింది. పందుల కోసం ఓకు చెట్ల కాయలు ఏరింది. పక్కింటి ముసలాయన కోళ్ళని నక్క ఎత్తుకుపోకుండా కాపలా కాసింది. వాటికి రొట్టె ఎవరిస్తారు? ఇచ్చేది గుప్పెడు దుంపలు, ఒక గిన్నె మజ్జిగ. తెచ్చినదంతా బల్ల మీద పెట్టేది, తను మాత్రం తినేది కాదు. "ఆకలిగా లేదు పెద్దమ్మా" అనేది. కంచంలో వడ్డించింది రూబెన్ వైపు జరిపేది. దానివల్ల తన లెక్క తగ్గుతుందనీ, తగ్గితే ఉండనిస్తారనీ దాని ఆశ. ఆగస్టు చివరికి మంచంలో నా పక్కన దాని మోచేతులు నాకు గుచ్చుకునేవి.

ఒకరోజు పెరట్లో ఇద్దరం టర్నిప్ దుంపలు చెక్కు తీస్తున్నాం. నేనింక ఆగలేకపోయాను.

"ఎందుకలా అన్నావే?"

"ఏమని?"

"నేను చెప్పానని."

అది దుంప చెక్కు ఊడదీస్తూనే జవాబిచ్చింది. "చెప్పలేదంటే నిన్ను అబద్ధాలకోరంటారు కదా. పెద్దమ్మ కూతురు అబద్ధాలకోరని నేను పదిమందిలో అంటే, ఇంక ఆ ఇంట్లో నాకు చోటెక్కడుంటుంది?" ఇంకో దుంప అందుకుని, "నువ్వు చెప్పడం మర్చిపోయావు. అంతే కదా కెజ్జీ?" అంది.

"అంతే" అన్నాను.

"నాకు తెలుసు" అంది తిర్జా, నిజంగానే నమ్మి.

అమ్మకి చెప్పేయాలని అప్పటినుంచి రోజూ అనుకునేదాన్ని. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మ గాథర్‌కోల్‌గారి దగ్గరికి వెళుతుంది. ఆవిడ న్యాయం తప్పే మనిషి కాదు. తిర్జాని మళ్ళీ చేలోకి రానిస్తుంది, ఇంకా బార్లీ చేలున్నాయి, రెండు వారాలుంది. నేను ఊరందరి మధ్యా నిలబడాల్సి వస్తుంది, నా మీద పాట కడతారు. అంతే, అంతకంటే ఇంకేమీ కాదు. ఆ పాటకి భయపడి నోరు మూసుకున్నాను. రోజుకో సాకు దొరికేది. రెండు వారాలు అలాగే అయిపోయాయి. బార్లీ అయిపోయింది, గంట కొట్టడం మానేశారు.

సెప్టెంబరు చివర సెయింట్ మైకేల్ పండుగ వెళ్ళిన సోమవారం, నాన్న పనికి పోతూ గుమ్మంలో ఆగాడు. "హన్నా, ఇవాళ తీసుకెళ్ళు" అన్నాడు. "ఇంకా ఆగితే చలి మొదలవుతుంది, పిల్ల నడవలేదు." ఎవర్ని, ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. తిర్జా లేచి వెళ్ళి తన మూట కట్టుకుంది. నేనూ వస్తానన్నాను, అమ్మ సరేనంది.

ఏడు మైళ్ళు నడిచాం. పెద్దిల్లు ఎర్ర ఇటికెలతో కట్టినది, కిటికీలు ఎత్తులో ఉంటాయి. గేటు పక్క గదిలో కూర్చున్నవాడు కలం సిరాలో ముంచి అడిగాడు.

"పేరు?"

తిర్జా చెప్పింది.

"తల్లీదండ్రీ?"

"పోయారు" అంది అమ్మ.

"నా అన్నవాళ్ళు?"

"లేరు."

తిర్జా తలెత్తి అమ్మని చూసింది. వాడు కూడా చూశాడు. "మరి మీరు?"

"ఊళ్ళోవాళ్ళం" అంది అమ్మ. "దారి తెలీదంటే తీసుకొచ్చాం."

ఉన్నారని చెబితే పోషణ ఖర్చుకి మమ్మల్ని పట్టుకుంటారని భయం. మా వైపు అందరూ అలాగే చెప్పేవాళ్ళు. అది తిర్జాకి ఎవరూ ముందుగా చెప్పలేదు. అయినా అది తెలివైన పిల్ల. "అవునండీ, ఊళ్ళోవాళ్ళే" అంది. తర్వాత నా దగ్గరికొచ్చి, చెవిలో, "వచ్చే ఏడు మళ్ళీ వస్తాగా. ఈసారి మీ ఊరి పద్ధతులన్నీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పు, సరేనా?" అంది. నేను తలూపాను. ఒకామె వచ్చి మూట తీసుకుని దాన్ని లోపలికి తీసుకుపోయింది. తలుపు మామూలుగానే మూసుకుంది.

తిరుగు దారిలో రెండు మైళ్ళు నడిచాం. చౌరస్తా దగ్గర గట్టు మీద కూలబడి ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. పోలీసు సంగతి చెప్పలేదని, అది పరిగెత్తుతుంటే ఆపలేదని, బూటు దులుపుకుంటూ కూర్చున్నానని. "వెనక్కి పోదాం అమ్మా. ఇప్పుడే పోయి చెబుదాం. తీసుకొచ్చేద్దాం" అన్నాను.

అమ్మ నా పక్కన కూర్చుంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకు తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజు మీరింకా రాలేదని చూడ్డానికి వెనక కంచె దాకా వచ్చాను. నువ్వు బూటు విప్పడం చూశాను. అది చేలోకి పరిగెత్తడం చూశాను." చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ మాట్లాడింది. "నువ్వు పన్నెండేళ్ళదానివి. నాకు ముప్పై నాలుగు. నాకూ నోరుంది కదా, కెజ్జీ. నా గొంతు ఆ చేనంతా వినిపిస్తుంది."

నాకు ఏడుపు ఆగిపోయింది.

"మరెందుకు పిలవలేదు?"

"జనవరిలో ఇంకోటి వస్తోంది" అంది అమ్మ. "నిరుడు దాన్ని పోగొట్టుకున్నాను. అది నాకు పాలు లేక పోయింది. పాలు ఎందుకు లేవు? తిండి లేక. తిర్జా ఎంత ఏరినా, ఎంత తక్కువ తిన్నా, తింటుంది కదా. పిల్ల అన్నాక తినకుండా ఉంటుందా? నేనేదో చేద్దామనుకోలేదు. నోరు తెరిచాను. మాట బయటికి రాలేదు. అంతలో అది సగం చేను దాటేసింది." లేచి, లంగాకి అంటిన మట్టి దులుపుకుంది. "దాని మొహం మా చెల్లి మొహమే. నేనది చూస్తూనే ఊరుకున్నాను. నీది అసూయ. పిల్లలకి అసూయ ఉంటుంది. నాదేంటో నాకే తెలీదు. పద, చీకటి పడుతుంది. మీ నాన్నకి ఈ మాట చెప్పకు. ఆయన మంచివాడు, తట్టుకోలేడు."

అలా ఆ రోజు నుంచి అమ్మకీ నాకూ మధ్య ఒక సంబంధం ఏర్పడింది. తల్లీకూతుళ్ళ సంబంధం కాదది. కలిసి పాపం చేసినవాళ్ళది. ఆ తర్వాత ఆవిడ నన్నెప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

జనవరి పదో తేదీన జోబ్ పుట్టాడు. బొద్దుగా ఉన్నాడు. అమ్మకి పాలు పడ్డాయి. ఫిబ్రవరిలో సామాన్లబండి వాడు వచ్చి గుమ్మంలో నిలబడి, పెద్దింట్లో విషజ్వరాలు వచ్చాయనీ, పిల్లలు ఎనిమిదిమంది పోయారనీ, అందులో మేం దింపి వచ్చిన పిల్ల కూడా ఉందనీ చెప్పాడు. నా అన్నవాళ్ళు లేరని రాసి ఉండడంతో ఎవరికీ కబురు పంపలేదట. పాతిపెట్టి మూడు వారాలయింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని జోబ్‌కి పాలిస్తోంది. అంతా విని, వాణ్ణి రెండో వైపుకి మార్చుకుంది. "తలుపెయ్యి కెజ్జీ, పిల్లాడికి గాలి కొడుతోంది" అంది. నేను తలుపేశాను.

జోబ్ బతికాడు. చక్కగా పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, నలుగురు పిల్లల్ని కన్నాడు, అరవై ఒకటో ఏట మంచంలోనే కన్నుమూశాడు. అమ్మ పోయాక నన్ను తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. వాడంత మంచివాణ్ణి నేను చూడలేదు. వాణ్ణి నేను ప్రాణంగా ప్రేమించాను. కాని అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చేత్తో వాడికి రొట్టె కోసి పెట్టలేకపోయాను.